టెస్టోస్టెరాన్ తీసుకుంటూ బరువులెత్తడం: మోచేతి నొప్పి, హెమటోక్రిట్ 51.5, ఏం చేయాలి?

మల్కాజిగిరి_కుర్రోడు

అన్నలకు నమస్తే. నేను ట్రాన్స్ మ్యాన్‌ని (పుట్టినప్పుడు ఆడపిల్లగా రాశారు, నేను మగవాణ్ణి), బరువు 65 కిలోలు. సస్టనాన్ 250 అనే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజక్షన్ మూడు వారాలకోసారి వేయించుకుంటున్నా, మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. జిమ్‌లో బరువులు వారం వారం పెరుగుతున్నాయి. కానీ చిన్‌అప్స్, బార్‌బెల్ కర్ల్స్ చేస్తే మోచేతి లోపలివైపు ఎముక దగ్గర నొప్పి. మర్నాడు నీళ్ల బకెట్ ఎత్తినా లాగేస్తోంది. తాజా రిపోర్టులో హిమోగ్లోబిన్ 17.1, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 51.5, రెండింటి పక్కనా 'హై' అని ఉంది. రక్తదానం చేసేస్తే తగ్గిపోతుందంటున్నాడు ట్రైనర్. నిజమేనా? ఇంజక్షన్‌కి ముందు వారం బాగా నీరసం. ఇంకోటి, బైండర్ (ఛాతీని చదునుగా అదిమిపెట్టే బిగుతు బట్ట) వేసుకుని డెడ్‌లిఫ్ట్ (నేలమీది బార్ ఎత్తడం) చేయొచ్చా?

గుండెత్తు

తమ్ముడూ, ముందు మోచెయ్యి సంగతి. టెస్టోస్టెరాన్‌తో కండ త్వరగా పెరుగుతుంది. ఆ కండని ఎముకకు పట్టి ఉంచే టెండన్ మాత్రం నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. కండ మోయగలుగుతోంది కదా అని బరువు వేస్తాం, ఆ భారం టెండన్ మీద పడుతుంది. నువ్వు చెప్పిన చోట మణికట్టుని లోపలికి వంచే కండలన్నీ వచ్చి అతుక్కుంటాయి. చిన్‌అప్స్, కర్ల్స్ రెండూ దాని మీదే పడతాయి.

అలాగని పూర్తిగా మానేయకు. నొప్పి తగ్గుతుంది గానీ మళ్లీ మొదలుపెట్టగానే తిరిగొస్తుంది. స్ట్రెయిట్ బార్ కర్ల్ ఆపి, అరచేతులు ఎదురెదురుగా ఉండేలా డంబెల్స్‌తో హ్యామర్ కర్ల్ చెయ్యి. చిన్‌అప్స్ బదులు అదే పట్టుతో లాట్ పుల్‌డౌన్ (మెషీన్ మీద కేబుల్‌ని పైనుంచి కిందికి లాగడం). దీంతోపాటు ముంజేతిని బెంచీ మీద ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి, 2 కిలోల డంబెల్ పట్టుకో. రెండో చేత్తో పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ కిందికి దించు. 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. చేస్తున్నప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున ముందురోజు కంటే ఎక్కువ బిగుసుకుపోయి ఉంటే మాత్రం బరువు తగ్గించు. ఇది వారంలో పోయే నొప్పి కాదు, రెండు మూడు నెలల ఓపిక కావాలి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే అది నరం వ్యవహారం కావచ్చు, అప్పుడు డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక బరువు పెంచే తీరు. మన జిమ్‌లలో చాలాచోట్ల అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలు. రెండు వైపులా వేస్తే 5 కిలోలు. 30 కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్ మీద ఒకేసారి 5 కిలోలంటే దాదాపు 17 శాతం! 80 కిలోల స్క్వాట్ మీద అదే 5 కిలోలు ఆరు శాతమే. అందుకే దెబ్బతినేవి ఎక్కువగా భుజాలూ మోచేతులే. 1.25 కిలోల ప్లేట్ల జత ఒకటి సొంతంగా కొని బ్యాగులో పెట్టుకో. ముందు ఎనిమిది రెప్స్ నుంచి పన్నెండుకి వెళ్లు, రెండు వర్కవుట్లలో వరసగా పన్నెండూ శుభ్రంగా వచ్చాకే ప్లేటు పెంచు.

ల్యాబ్‌కోటు

రిపోర్టు గురించి. మీ గుర్తింపు కార్డులో ఇంకా 'ఎఫ్' (ఫీమేల్) అని ఉంటే ల్యాబ్ వాళ్లు ఆడవాళ్ల రేంజి ముద్రిస్తారు, దాంతో పోలిస్తే అన్నీ 'హై' గానే కనిపిస్తాయి. టెస్టోస్టెరాన్ మీద ఉన్నవాళ్లు పోల్చుకోవాల్సింది మగవాళ్ల రేంజితో. హెమటోక్రిట్‌కి దాని పై అంచు సుమారు 50. అంటే మీ 51.5 కంగారుపడాల్సినంత కాదు, వదిలేయాల్సినంత చిన్నదీ కాదు. 54 దాటితే డాక్టర్లు సాధారణంగా మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి.

మళ్లీ చేయించేటప్పుడు ముందురోజు నుంచీ నీళ్లు బాగా తాగి, పొద్దున్నే, వర్కవుట్‌కి ముందు వెళ్లండి. ఎండాకాలంలో చెమటలు కక్కి నేరుగా ల్యాబ్‌కి వెళ్తే హెమటోక్రిట్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సిగరెట్, నిద్రలో గురకతో ఊపిరి ఆగిపోవడం కూడా దాన్ని పెంచుతాయి.

రక్తదానం మాట వదిలేయండి. మన దేశంలో 2017 నాటి దాతల ఎంపిక మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని దాతలుగా అనుమతించలేదు. ఇది అన్యాయమని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అవసరమైతే చికిత్సగా రక్తం తీయించేది డాక్టరే. అదీ మాటిమాటికీ తీయిస్తే ఐరన్ పడిపోయి వేరే నీరసం పట్టుకుంటుంది.

హెమటోక్రిట్ పెరగడానికి అసలు కారణం మీ ఇంజక్షన్ల మధ్య మూడు వారాల ఎడం కావచ్చు. 250 మిల్లీగ్రాములు ఒకేసారి వేస్తే మొదటి రోజుల్లో టెస్టోస్టెరాన్ స్థాయి ఎక్కడికో వెళ్లి, చివరి వారం అడుగంటుతుంది. ఆ నీరసం అక్కడిదే అయ్యుండొచ్చు. తక్కువ మోతాదు తరచుగా, లేదా జెల్‌కి మార్చడం గురించి మీ ఎండోక్రినాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) అడగండి. ఆంప్యూల్ విరిచి సగం వేసుకుని, మిగతాది సిరంజిలో దాచుకోవడం మాత్రం వద్దు, ఇన్ఫెక్షన్‌కి అదే దారి. సస్టనాన్‌లో వాడేది వేరుశనగ నూనె, పల్లీలు పడనివాళ్లు ముందే చెప్పాలి.

మల్కాజిగిరి_కుర్రోడు

చాలా థాంక్స్ అన్నా. తిండి, క్రియాటిన్ (జిమ్ వాళ్లు బలానికి వాడే పొడి), బైండర్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

పెసరట్టు_ప్రోటీన్

బైండర్‌తో బరువులు వద్దు బ్రదర్. డెడ్‌లిఫ్ట్‌లో నడుముని కాపాడేది నిండా పీల్చి బిగబట్టిన ఊపిరి. పక్కటెముకలు విచ్చుకోకపోతే ఆ బిగువు రాదు, కళ్లు తిరుగుతాయి. బిగుతైన స్పోర్ట్స్ బ్రా, దానిమీద వదులుగా ముదురు రంగు టీషర్ట్ చాలు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవడం అంతకంటే ప్రమాదం, కదిలేకొద్దీ బిగుసుకుంటుంది.

ప్రోటీన్ కిలోకి 1.6 గ్రాముల లెక్కన నీకు రోజుకి 104. మూడు గుడ్లు 18, పొడిగా తూచిన 50 గ్రాముల మీల్‌మేకర్ 25, 150 గ్రాముల పచ్చి చికెన్ 33 దాకా, కప్పు పప్పు, కప్పు పెరుగు, గుప్పెడు పల్లీలు. దాదాపు వచ్చేసింది. పౌడర్ తప్పనిసరేం కాదు.

క్రియాటిన్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు సరిపోతుంది. అయితే రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే లెక్క) కొంచెం పెరిగి కనిపించొచ్చు, కిడ్నీ పాడైందని భయపడకుండా డాక్టర్‌కి ముందే చెప్పు. టెస్టోస్టెరాన్‌తో మంచి కొలెస్ట్రాల్ తగ్గొచ్చు, అందుకని లిపిడ్ పరీక్ష, బీపీ కూడా చూపించుకో. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం మానొద్దు. జిమ్‌లో ఎవరైనా స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే తీసుకోకు, కాలేయానికీ కొలెస్ట్రాల్‌కీ రెండింటికీ చేటు.

ఇంజక్షన్ పిరుదుకి వేయించుకున్న రోజు స్క్వాట్స్ పెట్టుకోకు, ఆ రోజు పైశరీరం చెయ్యి. గడ్డలా ఉన్నది రెండు మూడు రోజుల్లో తగ్గాలి. ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్లు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, లెగ్‌డే (కాళ్ల వర్కవుట్) నొప్పిలే అనుకోకుండా అప్పటికప్పుడు క్యాజువాలిటీకి పోవాలి.