కామెంట్లు మోడల్‌తో చదివిస్తే ప్రజాభిప్రాయం తెలిసిపోతుందా?

లెక్కలపిచ్చి:
యూట్యూబ్, ఎక్స్ కామెంట్లను లాంగ్వేజ్ మోడల్‌తో (రాసింది చదివి అర్థం చెప్పే ఏఐ ప్రోగ్రాంతో) చదివిస్తే చాలు, ఇక సర్వేలు దండగ అంటున్నారు కొందరు. నేను ఒప్పుకోను. 2009 జర్మనీ ఎన్నికలప్పుడు ట్విటర్‌లో పార్టీల పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కేస్తే ఓట్ల వాటాకి దగ్గరగా వచ్చిందని 2010లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. అందులో పైరేట్ పార్టీ అనే చిన్న పార్టీని వదిలేశారని తర్వాత వేరేవాళ్లు పట్టుకున్నారు. దాన్నీ కలిపితే ట్విటర్‌లో మొదటి స్థానం ఆ పార్టీదే. పెట్టెలో పడ్డ ఓట్లు 2 శాతం!

కోడ్‌కారం:
అది పేర్లు లెక్కపెట్టిన కాలం అండీ. ఇప్పుడు మోడల్ వాక్యాన్ని చదువుతుంది. పైగా నాకు శాతాలు అక్కర్లేదు. పోయినవారం కంటే కోపం పెరిగిందా, పెరిగితే కరెంటు బిల్లు మీదా రేషన్ బియ్యం మీదా? సర్వే రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ గొడవే సద్దుమణుగుతుంది.

నుడికారం:
చదువుతుంది సరే, మీరేం అడుగుతున్నారు? ‘పాజిటివా, నెగెటివా’ అంటే పని చెడినట్టే. “పథకం ఆపితే ఊరుకోం” అన్న మాటలో కోపం ఉంది, కానీ అది పథకానికి మద్దతు. “రోడ్డు ఇరగదీశారు” అంటే మెచ్చుకోలో వెటకారమో పై కామెంటు చూస్తే గానీ తేలదు. అందుకే వీడియో శీర్షిక, పై కామెంటు కూడా కలిపి ఇవ్వాలి. ఫలానా పథకానికి అనుకూలమా, వ్యతిరేకమా, సంబంధం లేనిదా, చెప్పలేమా అని నాలుగు గడులు పెట్టాలి. నాలుగోది లేకపోతే మోడల్ ఏదో ఒకదాంట్లోకి తోసేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకు తప్పుల లెక్క విడిగా చూడాలి.

లెక్కలపిచ్చి:
ఆ తప్పులే కొంప ముంచేది. 1000 కామెంట్లలో నిజంగా వ్యతిరేకం 100 అనుకోండి. మోడల్ అందులో 80 పట్టుకుంది, మిగతా 900లో నూటికి పది చొప్పున 90ని పొరపాటున వ్యతిరేకం అంది. మొత్తం 170. 10 శాతం కాస్తా 17 అయింది! దిద్దాలంటే 17లోంచి ఆ ‘నూటికి పది’ పొరపాటు తీసేసి, వచ్చిన 7ని 0.70తో (పట్టుకున్న వాటా 0.80 – పొరపాటు వాటా 0.10) భాగించాలి, మళ్లీ 10 వస్తుంది. ఆ 80, 10 ఎంతో తెలియాలంటే కనీసం 500 కామెంట్లు లాటరీ పద్ధతిలో తీసి, ఇద్దరు మనుషులు ఒకరిది ఒకరు చూడకుండా గుర్తు పెట్టాలి. ఆ ఇద్దరికే కుదరకపోతే మోడల్‌ని తిట్టి లాభం లేదు.

కోడ్‌కారం:
దిద్దుబాటు ఒప్పుకున్నా. కాపీ-పేస్టు కామెంట్లు ఏరేసి, ఒక ఖాతాకి ఒకే లెక్క వేస్తే నా వారంవారీ గ్రాఫు నిలబడుతుంది కదా?

నుడికారం:
మధ్యలో మోడల్ వెర్షన్ మారకపోతే. మారితే అవే 500 మళ్లీ చదివించి 80, 10 కొత్తగా కట్టాలి. ఎన్నికలు దగ్గరపడి వెటకారం పెరిగినా అంతే, అప్పుడైతే కొత్త కామెంట్లు తీయాలి.

లెక్కలపిచ్చి:
ఇంతా చేసి మీకు తేలేది కామెంటు పెట్టేవాళ్ల సంగతి. వయసు, ఆడా మగా, ఊరు తెలియకుండా జనాభాకి తగ్గట్టు తూకం ఎలా వేస్తారు? ప్రొఫైల్లో గుంటూరు అని ఉంటుంది, మనిషి డల్లాస్‌లో ఉంటాడు.