స్టోన్ కోల్డ్ కెరీర్‌ని మలుపు తిప్పింది ఏ రాత్రి?

రెజ్లర్ "స్టోన్ కోల్డ్" స్టీవ్ ఆస్టిన్ అభిమానులు కాస్త సాయం చేయండి. మా తమ్ముడితో వాదన తెగట్లేదు. 1996 జూన్‌లో కింగ్ ఆఫ్ ది రింగ్ టోర్నీ గెలిచి, ఫైనల్లో ఓడిన జేక్ రాబర్ట్స్‌ని వెక్కిరిస్తూ, బైబిల్‌లోని "యోహాను 3:16"కి పేరడీగా "ఆస్టిన్ 3:16" అన్నాడే, అదే అసలు మలుపు అంటాడు వాడు. టీషర్టులు అమ్ముడుపోవడానికి ఆ మాట చాలు, ఒప్పుకుంటాను. కానీ 1997 మార్చి 23న రెసిల్‌మేనియా 13 షోలో ప్రత్యర్థి బ్రెట్ హార్ట్ కాళ్లు మెలిపెట్టే షార్ప్‌షూటర్ పట్టు బిగిస్తే, ఆస్టిన్ ముఖమంతా రక్తం కారుతున్నా ఓటమి ఒప్పుకోకుండా స్పృహ తప్పాడు. రిఫరీ కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు. విలన్‌గా వచ్చినవాడు ఓడిపోయి హీరో అయ్యాడు! నా ఓటు దానికే. అప్పట్లో టీవీలో వరసగా చూసినవాళ్లున్నారా? జనం ఆస్టిన్ వైపు తిరగడం ఆ మ్యాచ్‌కి ముందే మొదలైందా? కేవలం క్లిప్పులు చూస్తే అది తెలియట్లేదు.