అప్‌డేట్: మామగారి జేబు పిస్తోళ్లు అమ్మాలా, ఉంచుకోవాలా?

బర్మింగ్‌హామ్‌లో మా మామగారు వదిలివెళ్లిన మూడు పాత జేబు పిస్తోళ్లను అమ్మేయాలా, ఉంచుకోవాలా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. వేలంశాల నిపుణుడు పరిశీలించగా, వాటిపై కోడిగుడ్డు ఆకారపు గీత నడుమ తుపాకీ గొట్టం భద్రతా పరీక్షలో నెగ్గిందని చూపే, బెల్జియంలోని లీజ్ నగర పరీక్షాముద్ర ‘ఈఎల్‌జీ’ కనిపించింది. ఆ ముద్రపై 1893లో కిరీటం చేర్చారు కనుక, కిరీటం లేని ఇవి అంతకుముందువేనని తేలింది. సుత్తిని వెనక్కి లాగితే తప్ప ట్రిగ్గర్ బయటికి రాని ఆ పనితనం చూస్తే ముచ్చటేసింది. ఇటువంటి పెర్కషన్ క్యాప్ (సుత్తి దెబ్బకు పేలి మందును అంటించే చిన్న లోహపు మూత) పిస్తోళ్లను పేల్చకుండా అలంకారానికే ఉంచుకుంటే, 1968 నాటి బ్రిటిష్ ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. తుప్పు గీకి మెరిపించమని ఇక్కడ వచ్చిన సలహాను మాత్రం పాటించలేదు. పాతదనపు రంగు పోతే కొనేవారు మొహం చాటేస్తారు. మూడింటిలో రెండు ఒక జంట. జంటను విడదీస్తే విలువ పడిపోతుంది కాబట్టి ఆ రెండింటినీ ఉంచుకొని, ఒంటరిదాన్ని వచ్చే వేలానికి పంపుతున్నాను.