సంక్రాంతి సాయంత్రం, జాగ్రెబ్ (క్రొయేషియా): సంగీత అంశం, సమయాలు, పనుల పంపకం

కార్యక్రమ బాధ్యురాలు:
అందరికీ నమస్కారం. జనవరి 16 శనివారానికి హాలు ఖాయమైంది. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు మనదే. భోగిపళ్లు, ముగ్గులు, పిల్లల పాటలు, భోజనాలు ఎప్పటిలాగే. ఈసారి ఒక కొత్త అంశం ఉంది. ఇక్కడి సంగీత అకాడమీలో ట్రోంబోన్ (గొట్టాన్ని జారుస్తూ ఊదే ఇత్తడి వాద్యం) నేర్చుకుంటున్న మా పక్కింటి అమ్మాయి, స్వరకర్త స్త్యెపాన్ షులెక్ రాసిన ‘వోక్స్ గబ్రియేలి’ సొనాటా (పాట లేకుండా వాద్యాలకే రాసిన రచన) వాయిస్తానంది. పియానోకు తన స్నేహితుడు వస్తాడు. ఇద్దరూ పారితోషికం వద్దన్నారు. నిడివి సుమారు ఎనిమిది నిమిషాలు. ఏమంటారు?

పిల్లల బృందం:
చాలా సంతోషం అక్కా. కానీ పిల్లల నాట్యాలే ఏడు ఉన్నాయి. పోయినసారి భోజనాలు ఆలస్యమై చిన్నవాళ్లు ఏడ్చారు. నాలుగు నిమిషాలకు కుదించి వాయించమని అడగవచ్చా?

కార్యక్రమ బాధ్యురాలు:
దయచేసి అలా అడగవద్దు. ఆ సొనాటా మొత్తం ఒకే భాగం. సగంలో ఆపితే పల్లవి పాడి చరణం ఎగరగొట్టినట్టే.

పైగా షులెక్ ఈ ఊరివారు. 1914 ఆగస్టు 5న జాగ్రెబ్‌లోనే పుట్టారు, 1986 జనవరి 16న ఇక్కడే కన్నుమూశారు. మన పండుగ సరిగ్గా ఆయన వర్ధంతి రోజున పడింది. అమ్మాయి ఈ రచనను ఎంచుకున్నది అందుకే. వాత్స్లావ్ హుమ్ల్ దగ్గర వయొలిన్ నేర్చుకున్న షులెక్, స్వరరచనను మాత్రం చాలావరకు స్వయంకృషితో సాధించారు. తాను చదివిన అకాడమీలోనే ఏళ్లతరబడి పాఠం చెప్పారు. షేక్స్‌పియర్ నాటకాల ఆధారంగా రెండు ఒపెరాలు రాశారు.

ఆయన శిష్యుడు మిల్కో కెలెమెన్ 1961లో జాగ్రెబ్ సంగీత బియెనాలె (రెండేళ్లకోసారి జరిగే కొత్త సంగీతపు ఉత్సవం) మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కొత్త పోకడలన్నీ ఈ ఊరికి వచ్చి చేరాయి. శిష్యులు అటు నడుస్తుంటే గురువు మాత్రం పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ నాటి స్వరాల అల్లికను, నిండుగా సాగే పాటను విడవలేదు. అంతర్జాతీయ ట్రోంబోన్ సంఘం కోరిక మీద 1973లో ఈ సొనాటా రాశారు. ఆ బియెనాలె హోరు తరవాత వచ్చిన రచన ఇదేనా అనిపించేంత నిండుగా ఇందులో ట్రోంబోన్ పాడుతుంది. ఈనాడు దేశదేశాల ట్రోంబోన్ విద్యార్థులు దీన్ని సాధన చేస్తారు. వాళ్లలో చాలామందికి షులెక్ పేరు పరిచయమయ్యేది దీనితోనే. ఆయన సొంత ఊళ్లో, ఆయన పోయిన రోజున, దాన్ని సగానికి తెంచమని మనం అడగకూడదు.

పిల్లల బృందం:
ఆ తేదీ సంగతి నాకు తెలియదు అక్కా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు నాట్యాలు ఒకే పాటకు ఉన్నాయి. తల్లిదండ్రులతో మాట్లాడి వాటిని కలిపేస్తాను. ఎనిమిది నిమిషాలు దొరుకుతాయి.

వేదిక, మైకులు:
హాల్లో పాత పియానో ఉంది. శ్రుతి చేయించి ఎన్నాళ్లయిందో. మన కీబోర్డు సరిపోదా?

కార్యక్రమ బాధ్యురాలు:
సరిపోదు అన్నయ్యా. పియానో భాగం కూడా ట్రోంబోన్‌తో సమానంగా బరువైనది, వెనక తాళం వేసే పని కాదు. ఆ పియానోకే శ్రుతి చేయించండి, ఖర్చు సాంస్కృతిక పద్దులో రాయండి. ట్రోంబోన్‌కు మైకు వద్దు. ముందు వరుస కుర్చీలు మాత్రం కొంచెం వెనక్కి జరపాలి. జారే బయటి గొట్టం పూర్తిగా చాచితే చేయంత దూరం ముందుకు వస్తుంది, శబ్దం కూడా నేరుగా ఎదుటివాళ్ల మీదికే వెళ్తుంది. ఇంకొకటి, చలిలో ట్రాము దిగి వచ్చిన ఇత్తడి వాద్యం శ్రుతి తగ్గి పలుకుతుంది. కనీసం అరగంట ముందు వెచ్చని గది ఇవ్వాలి.

వేదిక, మైకులు:
అలాగే. భోగిపళ్ల తరవాత వేదిక మీద బియ్యం, చిల్లర పడి ఉంటాయి. ఊడ్చే బాధ్యత నాది.

వ్యాఖ్యానం:
పేరును ఎలా పరిచయం చేయమంటారు? ‘వోక్స్ గబ్రియేలి’ అంటే?

కార్యక్రమ బాధ్యురాలు:
లాటిన్‌లో ‘గబ్రియేలు స్వరం’. మరియమ్మకు శుభవార్త తెచ్చిన దేవదూత గబ్రియేలు మన క్రైస్తవ కుటుంబాలన్నిటికీ తెలిసినవాడే, కాబట్టి ఆ ఒక్క వాక్యం చాలు. పాశ్చాత్య సంప్రదాయంలో ఆయన చేతికి బూర కూడా ఇచ్చారు. పిల్లలకు మాత్రం ఇంకొకటి చెప్పండి. ట్రోంబోన్ మీద స్వరాల మధ్య గీత ఉండదు, గొట్టం జారుతూనే ఉంటుంది. అందుకే సాఫీగా పాడించడం కష్టం. నాలుకతో ప్రతి స్వరాన్నీ మెత్తగా విడదీయకపోతే అంతా కలిసి సాగిపోతుంది. మన పిల్లల్లో వీణ నేర్చుకునేవాళ్లు ఇద్దరున్నారు. తీగను లాగి గమకం పలికించే వాళ్లకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

వంటల బృందం:
వాయించేవాళ్లకు ముందే భోజనం పెట్టాలా?

కార్యక్రమ బాధ్యురాలు:
వద్దు వదినా, మంచినీళ్లు చాలు. ఊదేముందు నూనె, తీపి పనికిరావు. అరిసెలు, బొబ్బట్లు ఇద్దరికీ పొట్లం కట్టి పక్కన ఉంచండి. అంశం 6:10కి మొదలు, భోజనాలు 6:45కి.

వంటల బృందం:
రాసుకున్నాను. శ్రుతి చేసేవారు శుక్రవారం వస్తే తాళం చెవి మా ఇంట్లో ఉంటుంది.