"నా మాట విని" వణకడమా, "నా మాటకు" వణకడమా? (యెషయా 66:2)

పెరంబూరు నుంచి:
"నా వచనమునకు వణకువానినే నేను చూచెదను". రెండు రోజులుగా ఈ వాక్యం నోట్లో ఆడుతోంది. యెషయా 66:2 అని తెలుసు, కానీ తెలుగు బైబిలు గ్రంథం తెరిస్తే ఈ వరుస లేదు. "విరిగి నలిగిన హృదయము" కూడా అక్కడే ఉన్నట్టు గుర్తు. ఆరాధనలో వాక్యపఠనం చేసే పిల్లల కోసం బల్ల మీద పెట్టే అట్టకు కావాలి. "వచనమునకు" అని ఏ ముద్రణలోనైనా ఉందా? "వణకు" రాయించాలా, "వణుకు" రాయించాలా?

వేపేరి నుంచి:
అచ్చులో ఉన్నది ఇదండీ: "ఎవడు దీనుడై నలిగిన హృదయముగలవాడై నా మాట విని వణకుచుండునో వానినే నేను దృష్టించుచున్నాను." "విరిగి నలిగిన హృదయము" 51వ కీర్తన 17వ వచనానిది. యెషయాలో "నలిగిన" ఒక్కటే. ఇక "వచనమునకు" తమిళంలోంచి వచ్చి ఉంటుంది: "ఎన్ వసనత్తుక్కు నడుంగుగిఱవనైయే నోక్కిప్పార్ప్పేన్". మన చెన్నైలో రెండు భాషల ఆరాధనలూ వినేవాళ్ళకు ఈ రెండూ కలిసిపోతాయి.

పెరంబూరు నుంచి:
తమిళ వాక్యం నాకూ తెలుసండీ. నోట్లో ఆడుతున్నది మాత్రం తెలుగు నడకలోనే ఉంది.

తొండియారుపేట నుంచి:
ఎక్కడిదైనా "వచనమునకు" అన్నదే మూలానికి దగ్గర. హెబ్రీలో "హారేద్ అల్ దెవారీ" అని మూడు మాటలు: వణకేవాడు, మీద, నా మాట. "విని" అనే క్రియ అక్కడ లేదు, మనవాళ్ళు చేర్చుకున్నది. మూడు వచనాలు దాటి 66:5కు రండి, అదే హారేద్ అక్కడ "యెహోవా వాక్యమునకు భయపడువారలారా" అయింది. అక్కడ "కు" సరిపోయినప్పుడు ఇక్కడ "విని" ఎందుకు? పైగా ఒకచోట వణకు, ఇంకోచోట భయపడు అన్నందువల్ల రెండూ ఒకే మాటని తెలుగు పాఠకుడికి తెలిసే దారే లేకుండా పోయింది. ఇశ్రాయేలులో అతినిష్ఠగల యూదులకు నేటికీ ఉన్న హరేదీలు అనే పేరు ఈ మాటదే.

మైలాపూరు నుంచి:
అయ్యగారూ, "విని" తీసేస్తే తెలుగు దెబ్బతింటుంది. చలికి వణుకుతాం, జ్వరానికి వణుకుతాం. "మాటకు వణకు" అంటే ఆ వరుసలో చేరి ఒంటికి తగిలిన దెబ్బలా వినిపిస్తుంది. "మాట విను" అనడంలో మనకు రెండర్థాలున్నాయి: చెవితో వినడం, చెప్పినట్టు నడుచుకోవడం. "పిల్లవాడు మాట వింటాడు" అంటే చెవులు బాగున్నాయని ఎవరూ అనుకోరు కదా. "నా మాట విని వణకుచుండునో" అన్నప్పుడు లోబడినవాడి వణుకే వినిపిస్తోంది. చేర్చినవారు తెలిసే చేర్చారు.

తొండియారుపేట నుంచి:
లోబడ్డవాడు ఇంకా దేనికి వణుకుతాడమ్మా? అసలు ఈ "అల్" ఏమిటో తేల్చాలంటే 1 సమూయేలు 4:13 చూడాలి. యుద్ధానికి దేవుని మందసాన్ని (నిబంధన పెట్టెను) తీసుకుపోయారు, యాజకుడు ఏలీ దారి పక్కన కూర్చుని ఉన్నాడు, మందసం విషయంలో అతని గుండె అదురుతోంది. అక్కడా హారేద్ అల్. ఏలీకి మందసమంటే భయం లేదు, దానికి ఏమైపోతుందోనన్న బెంగ ఉంది. అదే అర్థం ఇక్కడ పెడితే, ఆయన మాట తన చేతిలో పాడవుతుందేమో, తనకు నచ్చినట్టు వంచేస్తానేమో అని జంకేవాడు. గ్రంథం పట్టుకుని చదవబోయేవాడికి ఇంతకంటే సరైన వణుకు లేదు.

మైలాపూరు నుంచి:
ఆ అర్థం నాకూ ఇష్టమే. కానీ ఒక్క ఏలీ మీద అంత బరువు మోపకూడదు. ఎజ్రా 9:4లోనూ దేవుని మాట ముందు హారేద్ అయినవాళ్ళున్నారు, అక్కడ "అల్" కాదు, "బె". 66:5లో "ఎల్". ఒకే వణుకుకు మూడు విభక్తులు. ఎజ్రా దగ్గరికి వచ్చినవాళ్ళు మాటకు ఏమవుతుందోనని రాలేదు. తమవాళ్ళు ధర్మశాస్త్రం దాటారని తెలిసి వచ్చారు.

వేపేరి నుంచి:
పాత గ్రీకు అనువాదమైతే విభక్తి గొడవే పెట్టుకోలేదు. "త్రెమొంత తూస్ లొగూస్ మూ", నేరుగా ద్వితీయ. "నలిగిన" ఉండాల్సిన చోట "హేసూఖియోన్", అంటే నెమ్మదిగలవాడు. హెబ్రీలో అక్కడున్నది "నెఖే రూఅహ్", దెబ్బ తిన్న ఆత్మ. యోనాతాను కొడుకు, కుంటివాడైన మెఫీబోషెతు కాళ్ళ గురించి చెప్పినప్పుడు కూడా ఇదే "నెఖే". తమిళం "ఆవియిల్" అని ఆత్మను నిలబెట్టింది, మనం హృదయం చేశాం. కీర్తన 51తో కలిసిపోవడానికి అది కూడా ఒక కారణం.

సైదాపేట నుంచి:
వినడం, వణకడం అంటుంటే పోతన గుర్తురాకుండా ఎలా? "భాగవతము దెలిసి పలుకుట చిత్రంబు, శూలికైనఁ దమ్మిచూలికైన, విబుధజనులవలన విన్నంత కన్నంత, దెలియవచ్చినంత తేటపఱతు". శివుడికీ బ్రహ్మకూ కష్టమైనదాన్ని ముట్టుకుంటూ "విన్నంత" అని మొదలుపెట్టాడు. "విని" ఎందుకని అడిగేవారికి జవాబు అక్కడుంది. "పలికించెడివాఁడు రామభద్రుండఁట"లో ఆ "అట"లు చూడండి, ఒక్కో "అట"కూ ఆయన ఇంకొంచెం వంగుతున్నట్టుంటుంది.

తొండియారుపేట నుంచి:
పద్యం గొప్పదే మాస్టారూ, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అయితే పోతనది పలకబోయేవాడి వినయం. యెషయాలో ఉన్నవాడు ఇంకా నోరే తెరవలేదు.

సైదాపేట నుంచి:
విననివాడు పలకడు కదా అయ్యగారూ. "విన్నంత" ముందు, "తేటపఱతు" తర్వాత. అట్ట అవసరం కూడా చదివి వినిపించేవాళ్ళకే.

రాయపురం నుంచి:
ఇన్ని మాటల్లో అసలు ధాతువు వదిలేశారు. మన వణకు, తమిళ వణంగు ఒక్కటే అని నా నమ్మకం. వణంగు అంటే వంగి మొక్కడం. వణకువాడంటే మొక్కువాడు. వణక్కం చెప్పినంత సహజంగా అర్థం కుదురుతుంది.

మైలాపూరు నుంచి:
వణంగుకు మనలో సాటి వంగు. వణకడానికి తమిళం వాడేది నడుంగు, పైన వేపేరివారు ఇచ్చిన వాక్యంలోనే ఉంది. మన పాత రూపాలు వడఁకు, వణఁకు. ఆ అరసున్న చూసి మీరు వణంగు వైపు వెళ్ళారేమో.

రాయపురం నుంచి:
అరసున్న ఉందంటే లోపల ఒక అనునాసికం ఉండేదనే కదా. నేను ఒప్పుకోను.

వేపేరి నుంచి:
అట్ట సంగతి. "వణకు" ఉంచండి. ఇప్పటి నోట్లో చివరి ఉకారం మధ్య అక్షరాన్నీ లాగి "వణుకు" చేసింది, అదీ తప్పు కాదు. కానీ గ్రంథంలో "గడగడ వణకుచు సంతోషించుడి" (కీర్తన 2:11), "భయముతోను వణకుతోను" (ఫిలిప్పీ 2:12) అన్నీ "వణకు" రూపాలే. అట్టలో ఒకటి, పుస్తకంలో ఒకటి ఉంటే పిల్లలు అక్కడే తడబడతారు. 1వ వచనం నుంచి చదివించండి. 2వ వచనం "అవన్నియు" అని మొదలవుతుంది, ముందున్న ఆకాశం, భూమి వినకపోతే ఏవన్నియో తెలియదు. ఊపిరి "దీనుడై" తర్వాత ఒకసారి, "గలవాడై" తర్వాత ఒకసారి, "వణకుచుండునో" తర్వాత కాస్త ఎక్కువసేపు. "హృదయము" దగ్గర ఆగితే "గలవాడై" ఒంటరిదైపోతుంది. "విని" దగ్గర ఆగితే వినేవాడొకడు, వణకేవాడొకడు అన్నట్టుంటుంది. ణను నగా పలకకుండా ముందే రెండుసార్లు చెప్పించండి.

సైదాపేట నుంచి:
"దృష్టించు" పిల్లలకు కష్టం. "చూచుచున్నాను" అని మార్చకూడదా? దృష్టి నామవాచకం, దానికి "ఇంచు" ఏమిటి?

మైలాపూరు నుంచి:
సృష్టికి సృష్టించు ఉన్నప్పుడు దృష్టికి దృష్టించు ఎందుకు ఉండకూడదు మాస్టారూ? ఊరికే చూడటం కాదు, ఏరి చూడటం. "వానినే"లో ఆ ఏకారం పోకూడదు. హెబ్రీలో "ఎల్ జెహ్ అబ్బీత్" అని "ఇతనివైపు" ముందుకొచ్చింది. క్రియను చివర పెట్టే మన భాషలో ఆ ఊనిక అంతా మోసేది ఆ ఒక్క "ఏ".

పెరంబూరు నుంచి:
ఇంత వాదన ఉన్న వచనం బదులు యాకోబు 1:21, "వాక్యమును సాత్వికముతో అంగీకరించుడి" పెడితే?

వేపేరి నుంచి:
అక్కడ సాత్వికమా, సాత్త్వికమా అని మొదలవుతుందండీ. సత్, త్వ కలిస్తే సత్త్వ, రెండు తకారాలు ఉండాలి. అచ్చులో ఒకటే ఉంది.

తొండియారుపేట నుంచి:
యెషయానే పెట్టండి. నాలుగు వరుసలుగా రాయించి, "వానినే"తో నాలుగోది మొదలుపెట్టండి. అచ్చులో ఉన్న "విని"ని నేను కొట్టేయమనడం లేదు, కింద చిన్న అక్షరాల్లో 66:5 కూడా రాయించమంటున్నాను.

మైలాపూరు నుంచి:
66:5 రాయిస్తే పూర్తిగా రాయించండి అయ్యగారూ. "యెహోవా వాక్యమునకు భయపడువారలారా" తర్వాత వచ్చేది "ఆయన మాట వినుడి". ఆ "వినుడి" మాత్రం హెబ్రీలోనూ ఉంది.