షుగరు మాత్రలు, అరికాళ్ల తిమ్మిరి: ముందు టెస్టా, ముందు ఇంజక్షనా?

రాజాం_కోడలు:
అత్తగారికి 58. షుగరుకి మెట్‌ఫార్మిన్ 1000 రోజుకి రెండు, తొమ్మిదేళ్లుగా. పొద్దున్నే గ్యాస్‌కి పాంటాప్రజోల్. ఆరు నెలలుగా అరికాళ్లు తిమ్మిరి, చీకట్లో నడిస్తే తూలుతున్నారు. నాలిక ఎర్రగా, నున్నగా అయిపోయింది, కారం తగిలితే మంట. హిమోగ్లోబిన్ 9.6 ఉంటే మూడు నెలలు ఐరన్ మాత్రలు వేశాం, 9.8కి వచ్చి ఆగిపోయింది. రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 97, ఆర్‌డీడబ్ల్యూ (కణాల సైజుల్లో తేడా) 19. మందుల షాపులో "నరాల సూదులు ఐదు పొడిపించీండి, టెస్టు దండగ" అంటున్నారు. ఇంట్లోనేమో "రోజూ చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన గంజి) తాగుతాది, పులిసిన దాన్లో బి12 ఉంటాది, ఆమెకి విటమిన్ల లోటేటి" అంటున్నారు. చేప నెలకి రెండుసార్లు, గుడ్డు ముట్టరు, పాలు టీలోకే. ఏటి చెయ్యాలండీ?

నమూనా_గొట్టం:
ఇవి బి12 లోటు లక్షణాల్లా ఉన్నాయి, ఆ నరాల సూదుల్లో ఉండేదీ ముఖ్యంగా బి12యే. ముందు బి12 టెస్టుకి రక్తం ఇవ్వండి, సూది ఆ తరవాత. ఒక్క ఇంజక్షన్ పడినా రక్తంలో బి12 అంకె ఒక్కసారిగా పైకెళ్తుంది, ఆ పైన టెస్టు చేసి లాభం లేదు. రక్తం తీసిన గంటకే సూది వేయించుకోవచ్చు, రిపోర్టు దాకా ఆగక్కర్లేదు.

ఎంసీవీ 97 చూసి కణం సైజు బాగుందనుకోకండి. ఐరన్ తగ్గితే ఎర్రకణం చిన్నదవుతుంది, బి12 తగ్గితే పెద్దదవుతుంది. రెండూ కలిసి ఉంటే సగటు మామూలుగానే కనిపిస్తుంది. దొంగని పట్టిచ్చేది ఆర్‌డీడబ్ల్యూ. అది 14.5 దాటకూడదు, మీకు 19 ఉంది, అంటే చిన్నవీ పెద్దవీ కలిసి తిరుగుతున్నాయన్నమాట. స్మియర్ (రక్తాన్ని గాజు పలక మీద చూసే పరీక్ష) కూడా అడగండి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకానికి ఐదారు తమ్మెలు (విడి భాగాలు) కనబడితే అనుమానం బలపడుతుంది.

బి12 మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కింద ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య వస్తే తేల్చి చెప్పలేం, అప్పుడు హోమోసిస్టీన్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) టెస్టు చేయించాలి. దాంతోపాటే ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), థైరాయిడ్ చూపించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలేమైనా వేసుకుంటుంటే మూడు రోజుల ముందే ఆపాలి. కొన్ని మెషీన్లలో అది బి12ని లేనంత ఎక్కువ చేసి చూపిస్తుంది.

ఇంకోటి: ఈ రక్తహీనత ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) ఉన్నదానికంటే కాస్త ఎక్కువ రావచ్చు. దాన్ని చూసి షుగరు మందు పెంచేయకండి.

వంశధార_మందులు:
అమ్మా, షాపు వాళ్లు చెప్పింది సగం నిజం. సూదులు కావాలి, కానీ ఐదుతో అయిపోయే పని కాదు.

తిండిలోని బి12 మాంసకృత్తుని పట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఆ ఆమ్లాన్ని పాంటాప్రజోల్ ఆపేస్తోంది. విడిపోయాక కడుపు గోడ నుంచి వచ్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని చిన్నపేగు చివరిదాకా మోసుకెళ్లాలి. అక్కడ కాల్షియం సాయంతో లోపలికి పోవాలి, ఆ చోట మెట్‌ఫార్మిన్ అడ్డం పడుతుంది. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, 2 నుంచి 5 మిల్లీగ్రాముల నిల్వ ఉంటుంది కనుక లోటు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. తొమ్మిదేళ్లు, రోజుకి 2000 మోతాదు అంటే సరిగ్గా ఆ లెక్కే.

నరాల లక్షణాలున్నప్పుడు సాధారణంగా 1000 మైక్రోగ్రాములు కండలోకి, రోజు విడిచి రోజు రెండు వారాలు. తరవాత వారానికొకటి చొప్పున నెల, ఆపైన నెలకొకటి. డాక్టరు మార్చవచ్చు. మెట్‌ఫార్మిన్ నడుస్తున్నంత కాలం ఇదీ నడవాల్సిందే, లేదా రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర. అంత పెద్ద మోతాదులో నూటికి ఒక వంతు ఏ మోతగాడూ లేకుండానే లోపలికి పోతుంది, అది చాలు. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమేనా అని అడగండి, చాలామందికి ఊరికే సాగిపోతూ ఉంటుంది.

వారానికల్లా కొత్త కణాలు పుడతాయి, రెండు నెలల్లో రక్తం కుదురుతుంది. తిమ్మిరికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాది దాటి మొదలుపెడితే కొంత అలాగే ఉండిపోతుంది. అందుకే తొందర. కొత్త కణాలు పుట్టేటప్పుడు ఐరన్ ఖర్చవుతుంది, ఫెరిటిన్ తక్కువ వస్తే ఐరన్ మాత్ర మానకండి. టీకి, దానికి రెండు గంటల ఎడం పెట్టండి.

"నరాల మాత్ర" కొనేటప్పుడు అట్ట వెనక చదవండి. అందులో పైరిడాక్సిన్, అంటే బి6, రోజుకి 100 మిల్లీగ్రాముల దాకా ఉంటే నెలల తరబడి వేయకూడదు. ఎక్కువైన బి6 కూడా కాళ్లలో తిమ్మిరే తెస్తుంది!

రక్తం పెరగలేదని ఎవరైనా ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఒక్కటే ఇస్తే వద్దనండి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. అది వచ్చిన కొత్తలో పెర్నీషియస్ ఎనీమియా (బి12 ఒంటికి పట్టక వచ్చే రక్తహీనత) రోగులకి ఇస్తే రక్తం పెరిగింది, నరాలు మాత్రం పాడవుతూనే పోయాయి. బి12 విడిగా చేతికందింది 1948లో. ఆ తప్పు ఇప్పటికీ జరుగుతోంది.

అంబలి_ముంత:
చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే. బి12 సున్నా. మొక్కలు దాన్ని తయారుచేయలేవు. తరవాణి పులుపు లాక్టిక్ బాక్టీరియాది, దాంట్లో నమ్మదగినంత బి12 ఉండదు. అలాగని తరవాణి పనికిరానిదీ కాదు. గంజి వారిస్తే బి1 దాంతోపాటే పోతుంది, ఆ గంజే కుండలో పడితే కొంత వెనక్కి వస్తుంది. ఉత్తర సర్కారుల్లో ఒకప్పుడు మర పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లకి బెరిబెరి వచ్చేది. ఉప్పుడు బియ్యంలో తవుడులోని బి1 గింజలోకి దిగుతుంది, కాబట్టి అది తినేచోట తక్కువ.

బి12 కావాలంటే కవళ్లు, కానాగంతల లాంటి చేపలు, మేక కాలేయం. ఒక పూటలో ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మోయగలిగేది రెండు మైక్రోగ్రాములే. నెలకోసారి కడుపునిండా తినేకంటే వారానికి మూడుసార్లు రెండేసి ముక్కలు మేలు. గ్లాసు పాలలో ఒక మైక్రోగ్రాము ఉంటుంది. ఈవిడకి మాత్రం తిండితో తీరదు, దారే మూసుకుపోయింది కదా.

రాజాం_కోడలు:
రేపే రక్తం ఇప్పిస్తాం. అత్తగారి అక్క సోంపేటలో ఉంటారు, కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ 3. ఆవిడకీ హిమోగ్లోబిన్ తక్కువే. ఇవే సూదులు, ఒక మల్టీవిటమిన్ ఇవ్వొచ్చా?

వంశధార_మందులు:
వద్దు. ఉద్దానం వైపు కిడ్నీ రోగులకి అందరూ ఇదే చేస్తున్నారు. ఆవిడకి రక్తం తగ్గడం ఎక్కువగా ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కిడ్నీ తయారుచేయలేక. బి12, ఫెరిటిన్ చూపించి, తగ్గితేనే అవి. మామూలు మల్టీవిటమిన్‌లోని విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. సి ఎక్కువ మోతాదులో వేస్తే ఆక్సలేటుగా మారి మిగిలిన కిడ్నీనీ దెబ్బతీస్తుంది. విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేది కిడ్నీయే, అందుకే ఆ సూదులు కూడా షాపులో కొని వేయకండి. ఆవిడ కూడా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా? ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 లోపుంటే అది వాడకూడదు, క్రియాటినిన్ 3కి ఆ వయసులో అంతకంటే తక్కువే ఉంటుంది. ఉంటే ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయించండి.