అప్‌డేట్: బీడులో స్టైలో మొలిచింది

పచ్చిక బీడులో చల్లిన స్టైలో హమాటా (పశువుల మేతకు వేసే పప్పుజాతి మొక్క) విత్తనం ఎందుకు మొలవడం లేదని అడిగాను కదా, కారణం గట్టి పైపొరే. నీరు లోపలికి ఇంకదు. ఈసారి 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాం. మరిగే నీళ్లలో మాత్రం వేయకండి, మొలక చచ్చిపోతుంది.

వెదజల్లడానికి హెక్టారుకు 10 కిలోలు. గింజ సన్నం, సమంగా పడాలంటే పొడి ఇసుక కలపాలి. గింజ లోతుకు పోతే మొలక పైకి రాదు. అందుకే నేలను పైపైన గీరి, చల్లాక ముళ్లకంప లాగితే చాలు.

ఇప్పుడు పోటీ అంతా గడ్డితోనే. అది ఏపుగా పెరిగి నీడ కమ్మితే స్టైలో నిలవదు, కాబట్టి మొలకలకు పైఎత్తున గడ్డి కోసేస్తున్నాం. పశువులను మాత్రం గింజ రాలేదాకా తోలం. ఆ రాలిన గింజే వచ్చే ఏటి మొలక.